గ్రీకు అక్షరం, ఫిన్లాండు రామత్తు

ఫిన్లాండులో బైబిలును ‘రామత్తు’ అంటారు. ‘రా’ను సాగదీసి, చివరి ‘త్తు’ను నొక్కి పలుకుతారు. ఖమ్మంలో తెలుగు లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యాక, ఏడాదిలో కొంతకాలం హెల్సింకి పక్కనున్న ఎస్పోలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఈ మాట విన్న రోజున మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఊరికే రాశాను. విజయవాడ నుంచి మా మరిది వెంటనే జవాబిచ్చాడు: “చూశారా వదినా! వాళ్ళ పవిత్ర గ్రంథం పేరులోనే మన రాముడున్నాడు. మనవాళ్ళు ఏనాడో అంత దూరం వెళ్ళారన్నమాట!” సాయంత్రానికి ఆ ముక్క ఇంకెన్ని గ్రూపులకు పాకిందో, నాకు పరిచయం లేనివాళ్ళ దగ్గర్నుంచి తిరిగి నాకే వచ్చింది.

మా మరిదికి భాషంటే ప్రేమ. ఆ ప్రేమంటే నాకు గౌరవం. కానీ ఈ మాటకూ రాముడికీ ఏ సంబంధమూ లేదు. దీని అసలు కథ గ్రీసులో మొదలై, రష్యా నదుల మీదుగా ఫిన్లాండు అడవుల దాకా సాగింది. ఆ దారిలో దొరికే ఆధారాలు ఒకదాన్నొకటి బలపరుస్తాయి. ఒక మాట ఎక్కడ పుట్టిందో తేల్చడానికి పండితులు ఎంత జాగ్రత్తపడతారో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

గ్రీకులో ‘గ్రాఫెయిన్’ అంటే మొదట గీరడం, గీకడం. తర్వాత రాయడం. అలా గీసిన అక్షరం ‘గ్రమ్మ’. దాని బహువచనం ‘గ్రమ్మత’. అంటే అక్షరాలు, రాతలు, ఉత్తరం. ఈ కుటుంబం మనకు కొత్తదేమీ కాదు. గ్రామరు, టెలిగ్రాము, ప్రోగ్రాము, ఫోటోగ్రాఫు అన్నీ ఆ ఇంటివే. నగల దుకాణంలో తూకం వేసే గ్రాము కూడా అదే. గ్రీకులు ‘గ్రమ్మ’ అన్న మాటను ఒక చిన్న తూనికకు కూడా వాడేవారు. 1795లో ఫ్రాన్సు కొత్త కొలతలు పెట్టుకున్నప్పుడు ఆ పాత పేరునే తెచ్చుకుంది.

గ్రీకుల నుంచి మతాన్నీ రాతనూ నేర్చుకున్న స్లావు జాతులు ఈ ‘గ్రమ్మత’ను ‘గ్రామొత’ చేసుకున్నాయి. పాత రష్యనులో గ్రామొత అంటే ఉత్తరం, పత్రం, శాసనం, చదువు. ఇవాళ్టి రష్యనులో కూడా అక్షరాస్యతకూ, బడిలో పిల్లలకిచ్చే ప్రశంసాపత్రానికీ ఇదే మాట.

ఫిన్లాండుకు ఆగ్నేయంగా, ఇల్మెన్ సరస్సు దగ్గర నొవ్‌గొరొద్ అనే పాత వ్యాపార నగరం ఉంది. ఉత్తరాది అడవుల బొచ్చు తోళ్ళు, మైనం అక్కడికే చేరేవి. చుట్టుపక్కల ఫిన్నిష్‌కు దగ్గరి భాషలు మాట్లాడే జనం ఉండేవాళ్ళు. 1951 జులై 26న అక్కడి నెరెవ్‌స్కీ తవ్వకాల్లో నీనా అకులోవా అనే కూలీకి చుట్టచుట్టుకుపోయిన బర్చి చెట్టు బెరడు ముక్క ఒకటి దొరికింది. పారేయకుండా పరిశీలనగా చూస్తే లోపలి వైపు అక్షరాలు కనిపించాయి. తవ్వకాలకు పెద్ద అయిన అర్తేమీ అర్త్సిఖోవ్‌స్కీ దాన్ని చూసి కాసేపు నోట మాట రాక నిలబడిపోయాడట. అది మొదటిది. అప్పటినుంచి నొవ్‌గొరొద్‌లోనే వెయ్యికి పైగా దొరికాయి. అప్పు చీటీలు, ఇంటి ఉత్తరాలు, ఓన్ఫిమ్ అనే పిల్లవాడు దిద్దుకున్న అక్షరాలు, వేసుకున్న బొమ్మలు కూడా వాటిలో ఉన్నాయి. ఇనుముతోనో ఎముకతోనో చేసిన మొనదేలిన పుల్లతో మెత్తటి బెరడు మీద గీరి రాసేవారు. సిరా లేదు. మన పెద్దవాళ్ళు తాటాకు మీద ఘంటంతో గీరినట్టే. ఈ బెరడు రాతలకు రష్యను పండితులు పెట్టిన పేరు గ్రామొత. గీకడం అన్న అర్థంతో గ్రీసులో పుట్టిన మాట, నిజంగా గీకిన రాతకే పేరయింది.

1957లో దొరికిన 292వ నంబరు బెరడు మన కథకు ముఖ్యం. చిన్న ముక్క, కొద్ది వరుసలు, రష్యను లిపి. చదివితే రష్యను కాదు. కరేలియన్‌కు దగ్గరగా ఉన్న ఒక ఫిన్నిక్ భాష, అంటే ఫిన్నిష్ కుటుంబానిది. 13వ శతాబ్దం నాటిదని తేల్చారు. ఆ కుటుంబానికి చెందిన ఏ భాషలోనైనా మనకు దొరికిన అత్యంత పాత రాత ఇదే. మొదటి మాట ‘యుమొల-నుఒలి’. యుమల అంటే నేటి ఫిన్నిష్‌లో దేవుడు, నుఒలి అంటే బాణం. దేవుడి బాణం అంటే పిడుగు. అది పిడుగు మంత్రమని కొందరు, ప్రమాణం చేసేటప్పుడు పలికే మాటలని ఇంకొందరు అంటారు. దాని ఫోటోను నేను పెద్దది చేసుకుని చాలాసేపు చూశాను. అక్షరాలు విడివిడిగా, మాటకూ మాటకూ ఎడం లేకుండా, బెరడు మీది సహజమైన గీతలకు అడ్డం పడుతూ ఉంటాయి. రాసినవాడికి రష్యను లిపి బాగా వచ్చు, చెవిలో మాత్రం ఫిన్నిక్ పలుకు ఉంది. రెండు భాషలూ ఒకే చేతిలో కలిసిన చోటు అది. రామత్తులాంటి మాటలు చేతులు మారింది ఇలాంటి ఇరుగుపొరుగులోనే. అయితే ఆ మార్పిడి ఈ బెరడు కంటే ఇంకా పాతది.

ఇంతకీ గ్రామొత రామత్తు ఎలా అయింది? ఇక్కడే వ్యుత్పత్తి శాస్త్రం తన పట్టు చూపిస్తుంది.

ముందు ‘గ’ సంగతి. పాత ఫిన్నిష్ నోటికి మాట మొదట్లో రెండు హల్లులు కలిసి రావడం పడదు. అలా వస్తే చివరిదాన్ని ఉంచుకుని ముందున్నవి వదిలేస్తుంది. స్వీడిష్ ‘గ్లాస్’ ఫిన్నిష్‌లో ‘లసి’. స్టూలులాంటి ‘స్తూల్’ అక్కడ ‘తువోలి’, అంటే కుర్చీ. ఒడ్డు అనే ‘స్త్రాండ్’లో మూడు హల్లులుంటే రెండు పోయి ‘రంత’ మిగిలింది. ఫ్రాన్సు దేశం ‘రన్‌స్క’. స్వీడన్ రాజధాని స్టాక్‌హోం కూడా తప్పించుకోలేదు, ‘తుక్‌హోల్మ’ అయింది. ఇన్ని మాటల్లో ఒకే పని జరిగింది కాబట్టి గ్రామొతలో గ పోయి ర మిగలడం కాకతాళీయం కాదు, నియమం. రామత్తులో ‘రా’ రాముడి దగ్గర్నుంచి వచ్చింది కాదు, గకారం రాలిపోగా మిగిలింది.

తెలుగు నోటికి ఈ ఇబ్బంది తెలియనిది కాదు. క్రింద ‘కింద’ అయింది, బ్రతుకు ‘బతుకు’ అయింది, గ్రుడ్డు ‘గుడ్డు’ అయింది. మా అమ్మమ్మ ప్రాణాన్ని ‘పానం’ అనేది, గ్రహచారాన్ని ‘గాచారం’ అనేది. క్లాసులో పిల్లలు అలా పలికితే దిద్దమనే వాళ్ళతో నేను ఎప్పుడూ గొడవపడేదాన్ని. అది తప్పు కాదు, భాష తన దారిలో తను నడవడం. తేడా ఏమిటంటే, మనం మామూలుగా మొదటి హల్లును ఉంచుకుని క్రావడిని వదిలేస్తాం. ఫిన్నులు ముందుదాన్ని వదిలి రకారాన్ని ఉంచుకుంటారు. వ్రాత విషయంలో మాత్రం మనమూ వాళ్ళ పద్ధతే పట్టాం. వకారం పోయి ‘రాత’ మిగిలింది. రాత, రామత్తు రెండూ రాయడానికి సంబంధించినవే, రెండూ ముందు హల్లు పోగొట్టుకుని ‘రా’తో నిలబడినవే. ఇది చూసి నాకు ముచ్చటేసింది కానీ, రెంటికీ చుట్టరికం లేదు. పోలిక వేరు, పుట్టుక వేరు.

తర్వాత అచ్చుల సంగతి. గ్రామొతలో మధ్యన ‘ఒ’ ఉంది. రామత్తులో ఆ చోట ‘అ’ ఉంది. ఇది ఎక్కడిది? ఇదే మార్పు తక్కిన పాత అరువుల్లోనూ కనిపిస్తుంది. కిటికీకి స్లావు మాట ‘ఒక్నొ’, ఫిన్నిష్ మాండలికాల్లో ‘అక్కున’. అన్యమతస్థుడికి స్లావు మాట ‘పొగాన్’, ఫిన్నిష్‌లో ‘పకన’. స్లావు భాషల్లో ‘ఒ’గా స్థిరపడిన ఆ అచ్చు, ఒకప్పుడు ‘అ’కు దగ్గరగా పలికేదని పండితులు వేరే ఆధారాలతో తేల్చారు. అది ‘ఒ’గా గట్టిపడకముందే ఫిన్నులు ఈ మాటలు విన్నారన్నమాట. అంటే అరువు జరిగి వెయ్యేళ్ళు దాటింది. జె. జె. మిక్కోల అనే ఫిన్నిష్ పండితుడు 19వ శతాబ్దం చివర్లోనే ఇలాంటి స్లావు అరువులను వరసపెట్టి పరిశీలించాడు. ఇవాళ్టికీ ఈ వాదన గట్టిగా నిలబడే ఉంది. నాకు మరీ నచ్చిన విషయం ఇది: గ్రీకు ‘గ్రమ్మత’లోని నడిమి అకారాన్ని రష్యను రాతలో చూడలేం, ఆ రష్యను ద్వారానే పుచ్చుకున్న ఫిన్నిష్‌లో చూడగలం. శాసనమూ పుస్తకమూ లేని కాలపు పలుకును ఒక అరువు మాట దాచిపెట్టింది.

ఇక చరిత్ర వైపు తిరిగితే ఒక చిక్కుముడి ఎదురవుతుంది. ఫిన్లాండుకు క్రైస్తవం పడమటి నుంచి, స్వీడన్ నుంచి వచ్చిందని పుస్తకాలు చెబుతాయి. 12వ శతాబ్దం నుంచి స్వీడన్ పాలన, రోము చర్చి కలిసి వచ్చాయి. తర్వాత దేశం లూథరన్ అయింది. తూర్పు చర్చికి చెందిన ఆర్థడాక్సు క్రైస్తవులు ఇవాళ్టికీ అక్కడ కొద్దిమందే. మరి మతానికి పునాది లాంటి మాటలు తూర్పువి ఎలా అయ్యాయి? గ్రంథం రామత్తు, స్లావు మాట. సిలువ ‘రిస్తి’, అదీ స్లావు మాటే. క్రీస్తు పేరే స్లావుల దగ్గర సిలువకు పేరై, అక్కడినుంచి ముందున్న కకారం పోగొట్టుకుని ఫిన్నిష్‌లోకి వచ్చింది. పూజారి ‘పప్పి’, అదీ అటువైపుదే. మతంలో చేరనివాడు ‘పకన’. దాని మూలం లాటిన్ ‘పగానుస్’, అంటే మొదట పల్లెటూరివాడని అర్థం. స్వీడన్ బిషప్పులు అడుగుపెట్టకముందే ఫిన్నులు సిలువనూ, పూజారినీ, పుస్తకాన్నీ తూర్పు వ్యాపారుల దగ్గర చూశారు, పేర్లు నేర్చుకున్నారు. మతం పుచ్చుకున్నారో లేదో గానీ, మాటలు పుచ్చుకున్నారు. రాతపూర్వకమైన చరిత్ర ఏమీ లేని ఆ కాలానికి ఈ నాలుగు మాటలూ సాక్షులు.

పడమటి నుంచి వ్యవస్థ వచ్చాక వ్యవస్థకు కావలసిన మాటలు వచ్చాయి. చర్చి ‘కిర్కో’, బిషప్పు ‘పీస్ప’, మఠం ‘లువోస్తరి’, బడి ‘కొఉలు’, పోపు ‘పావి’. వీటి మూలాలూ గ్రీకు లాటిన్లే, కానీ స్వీడిష్ గడప దాటి వచ్చినవి. పప్పి, పావి రెంటికీ మూలం నాన్న అనే అర్థమున్న గ్రీకు ‘పాపాస్’. ఊళ్ళో పూజారి తూర్పు దారిన, రోములో పోపు పడమటి దారిన వచ్చి ఒకే భాషలో కలుసుకున్నారు.

ఫిన్నిష్‌లో పుస్తకాలు మొదలుపెట్టిన మనిషి మికాయెల్ అగ్రికోల. తీరప్రాంతంలోని పెర్నయ పరగణాలో సుమారు 1510లో పుట్టాడు. చదువుకున్నవాళ్ళు లాటిన్ పేరు పెట్టుకోవడం అప్పటి ఆచారం. లాటిన్‌లో అగ్రికోల అంటే రైతు. జర్మనీలోని విట్టెన్‌బెర్గులో లూథరు బతికుండగా చదివాడు. తిరిగొచ్చి తుర్కు నగరంలో కథీడ్రల్ బడికి పెద్ద అయ్యాడు. 1543లో పిల్లల అక్షరాల పుస్తకం, 1544లో ప్రార్థనల పుస్తకం, 1548లో కొత్త నిబంధన అచ్చువేయించాడు. ఆయన పనిచేసిన తుర్కు పేరు కూడా పాత రష్యను మాటే, సంత అని అర్థం. స్వీడన్ ఏలుబడిలోని లూథరన్ బిషప్పుగా, సంధి రాయబారంలో మాస్కో వెళ్ళి తిరిగివస్తూ 1557 ఏప్రిల్ 9న దారిలోనే చనిపోయాడు. ఏటా ఆ రోజును ఫిన్నిష్ భాషా దినంగా జరుపుతారు, దేశమంతా జెండాలు ఎగరేస్తారు.

మొత్తం బైబిలు ఫిన్నిష్‌లో వచ్చింది 1642లో. ఎస్కిల్ పెత్రెయుస్ పెద్దగా ఉన్న బృందం అనువదించగా స్టాక్‌హోంలో అచ్చయింది. దాని ముఖపత్రాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. పైన పెద్ద అక్షరాల్లో ‘బిబ్లియ’. వెంటనే ‘అంటే’ అని అర్థమిచ్చే రెండు చిన్న మాటలు. ఆ కింద ‘మొత్తం పవిత్ర రామత్తు, ఫిన్నిష్‌లో’. మొదటి మాట పండితులది. గ్రీకులో పుట్టి లాటిన్ మీదుగా పడమటి నుంచి వచ్చింది. మన బైబిలు అన్న మాట కూడా దాని తోబుట్టువే. రెండో మాట జనానిది. గ్రీకులోనే పుట్టి రష్యను మీదుగా తూర్పు నుంచి వచ్చింది. మొదటిది చెబితే ఊళ్ళోవాళ్ళకు తెలియదని రెండోది చెప్పాల్సి వచ్చింది. గ్రీసు నుంచి రెండు దిక్కులుగా విడిపోయి, యూరపును చెరో పక్కనుంచి చుట్టి వచ్చిన రెండు మాటలు ఒకే పేజీలో ఒకదానికొకటి అర్థం చెప్పుకుంటున్నాయి. ఏ చరిత్ర పుస్తకమూ ఫిన్లాండు స్థితిని ఇంత క్లుప్తంగా చెప్పలేదని నా అభిప్రాయం.

ఈ మాటకు మొదటి అర్థం బైబిలు కాదు, పుస్తకం. దానికి సాక్ష్యం సముద్రానికి అవతల ఉంది. హెల్సింకి నుంచి ఓడెక్కితే రెండు గంటల్లో ఎస్తోనియా రాజధాని తాలిన్ వస్తుంది. ఎస్తోనియన్, ఫిన్నిష్ అక్కచెల్లెళ్ళ లాంటి భాషలు. తాలిన్ వీధిలో ఒక అద్దాల దుకాణం మీద ‘రామతుపోద్’ అని బోర్డు చూసి మా మనవరాలు ఆగిపోయింది. ఫిన్నిష్ బడిలో చదివే పిల్ల. “అమ్మమ్మా, ఇక్కడ బైబిళ్ళకు ఇంత పెద్ద కొట్టా?” అంది. లోపల వంట పుస్తకాలు, పిల్లల బొమ్మల కథలు, నవలలు. ఎస్తోనియన్‌లో ‘రామత్’ అంటే ఏ పుస్తకమైనా సరే. అది మామూలు పుస్తకాల షాపు. అక్కడ బైబిలుకు ‘పీబెల్’ అని వేరే మాట ఉంది.

ఫిన్లాండులో మరి పుస్తకాన్ని ఏమంటారు? ‘కిర్య’. దీని చుట్టాల్లో ‘కిర్యవ’ అంటే రంగురంగులది, ‘కిర్యొఅ’ అంటే కుట్టుపని చేయడం. బట్ట మీద కుట్టిన ముగ్గులాంటి గుర్తులకు ఉన్న సొంత మాటను కాగితం మీది అక్షరాలకూ పెట్టుకున్నారు. పుస్తకాలన్నింటికీ కిర్య సరిపోయాక, రామత్తు ఒకే ఒక్క పుస్తకానికి మిగిలింది. అలా ఎందుకు జరిగిందంటే, నా లెక్కలో, పల్లె ఇళ్ళలో చదువు చుట్టూ ఉన్న బతుకే కారణం. 1686 నాటి స్వీడన్ చర్చి చట్టం తర్వాత చదవడం నేర్చుకోవడం ప్రతివాళ్ళకూ విధి అయింది. పాదిరీ ఊరూరా వచ్చి, ఏదో ఒక ఇంట్లో జనాన్ని కూర్చోబెట్టి చదివించి పరీక్షించేవాడు. చదవడం రాకపోతే పెళ్ళికి అనుమతి దొరకడం కష్టం. అలాంటి చోట చదువు అంటే మత గ్రంథమే. పాత పేరు దానికి అంటిపెట్టుకుపోవడంలో ఆశ్చర్యం లేదు.

కథ ఇక్కడితో అయిపోలేదు. మా అమ్మాయి వంటింట్లో కాఫీపొడి ప్యాకెట్టు మీద బరువు రాసి ఉంటుంది కదా, దాన్ని ఫిన్నులు ‘గ్రమ్మ’ అని చదువుతారు. అదే గ్రీకు మాట, ఈసారి గకారంతో సహా. వెయ్యేళ్ళ కిందట గకారాన్నీ, జంట హల్లునూ మోయలేని నోరు ఇప్పుడు మోస్తోంది. వార్తల్లో ప్రెసిడెంటును ‘ప్రెసిదెంత్తి’ అని ఏ తడబాటూ లేకుండా అంటున్నారు. ఒకే భాషలో ఒకే గ్రీకు మాట రెండుసార్లు దిగింది. ఒకటి వంటింటి తూకంలో, ఒకటి చర్చి బల్ల మీద. వాటి రూపాన్ని చూసి ఏది ముందు వచ్చిందో చెప్పేయొచ్చు.

ఈ వివరాలన్నీ నేను కనిపెట్టినవి కావు. ఫిన్లాండు జనాభా సుమారు 56 లక్షలే. అయినా ఒక్కో మాట పుట్టుకను విడమరిచే వ్యుత్పత్తి కోశాన్ని 1955 నుంచి 1981 దాకా ఏడు సంపుటాలుగా ఒకసారి, 1992 నుంచి 2000 దాకా మూడు సంపుటాలుగా మరోసారి తెచ్చుకున్నారు. ఇప్పుడు దాన్ని ఎవరైనా ఫోనులో ఉచితంగా చూడొచ్చు. మనకు లేదనుకోకండి. ఆంధ్ర విశ్వవిద్యాలయం లకంసాని చక్రధరరావు గారి సంపాదకత్వంలో ‘తెలుగు వ్యుత్పత్తి కోశం’ తెచ్చింది. బరో, ఎమెనో కలిసి చేసిన ద్రావిడ భాషల వ్యుత్పత్తి కోశం 1961లో వచ్చింది, 1984లో పెంచి మళ్ళీ వేశారు. అందులో వేలాది తెలుగు మాటలున్నాయి. మీ ఊరి లైబ్రరీలో ఇవి ఉన్నాయేమో అడగండి. లేకపోతే తెప్పించమని కాగితం మీద రాసి ఇవ్వండి. ఫలానా మాట మన దగ్గర్నుంచే వెళ్ళిందని ఇకముందు ఎవరైనా పంపితే, పంచే ముందు మూడు ప్రశ్నలు వేయండి: ఎవరు మోసుకెళ్ళారు, ఏ దారిన వెళ్ళింది, ఆ దారిలో ఇంకే మాటలు ఇలాగే మారాయి? మా మరిదికి కూడా ఇదే రాసి పంపాను.